పాత పాప్‌అప్ క్యాంపర్‌ను ప్రయాణానికి సిద్ధం చేసుకున్నాను: నా అనుభవం

విప్పితే రెండు పడకల గది, మడిస్తే కారు వెనక కదిలే పొట్టి పెట్టె. అందుకే పాప్‌అప్ క్యాంపర్ అంటే నాకు మొదటినుంచీ ఇష్టం. పాతది కొన్నాక పరదాలు, పరుపులు మార్చాలని ఇంట్లో అందరూ ఉత్సాహపడ్డారు. ముందు నీరు ఎక్కడ కారుతోందో తేలాలని నేను పట్టుబట్టాను. ఇలాంటి బండ్లు తిరిగినందువల్ల కంటే తడిసినందువల్లే ఎక్కువగా పాడవుతాయి.

నేల మీది రెక్సిన్ ఎత్తి, కింది ప్లైవుడ్‌ను స్క్రూడ్రైవర్ మొనతో పొడుస్తూ వచ్చాను. తలుపు పక్క మూలలో మొన సులువుగా దిగబడింది. అక్కడ కొత్త చెక్క వేయడం పెద్ద పని కాదు, కానీ నీటి దారి మూయకపోతే అదీ పుచ్చిపోతుంది. పైకప్పు ఎత్తి, దాన్ని ఎత్తి నిలిపే తీగతాళ్లను నమ్మకుండా నాలుగు మూలలా గట్టి కర్రలు ఊతం పెట్టాకే ఒకరిని టార్చితో లోపలికి పంపాను. బయట పైపుతో కింది నుంచి పైకి, కొంత మేర తడిపి, ఆగి, మళ్లీ తడిపాను. పైనుంచి మొదలుపెడితే నీరు అన్ని అతుకుల మీదుగా జారుతుంది, కారేది ఏదో చెప్పలేం.

చివరికి పైకప్పు మూల పట్టీ దగ్గర బొట్లు కనిపించాయి. పాత యజమాని పూసిన సిలికాన్ అంచులు లేచిపోయాయి. సిలికాన్ మీద కొత్త పూత ఏదీ నిలవదు కాబట్టి దాన్ని పూర్తిగా గీకి తీయాల్సిందే. మొత్తం పనిలో ఎక్కువ ఓపిక కోరింది ఇదే. తర్వాత పట్టీ కింద బంకలా అతుక్కునే బ్యూటైల్ టేపు పెట్టి బిగించాను. అది ఏళ్ల తరబడి మెత్తగా ఉండి, కుదుపులకు అతుకు కదిలినా పట్టు వదలదు. ప్లైవుడ్ నీరు పీల్చేది ఎక్కువగా కోసిన అంచుల్లోంచే. అందుకే కొత్త ముక్క అంచులకు ఎపాక్సీ (గట్టిపడే జిగురు పూత) పూసి, ఆరాకే అమర్చాను. కాన్వాసు గోడల మీది బూజును తేలికపాటి సబ్బునీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడిగాను. బ్లీచు వాడితే కుట్టుదారం బలహీనపడుతుంది.

పైకప్పు ఎత్తినప్పుడు ఒక మూల కిందికి వాలేది. గుడ్డతో తీగతాడును తుడిచి చూస్తే తెగిన పోగులు గుడ్డకు తగులుకున్నాయి. ఒక్కదాన్నే మారిస్తే సాగుదల సమానంగా ఉండదని అన్నీ మార్చి, కప్పీలకు కందెన వేశాను.

టైర్ల గాడులు లోతుగానే ఉన్నాయి. అయితే పక్కగోడ మీది తయారీ సంకేతంలో చివరి నాలుగు అంకెలు 2314. అంటే 2014లో 23వ వారం. ఆలోచించకుండా తీసేశాను. ఎండకు గట్టిపడిన రబ్బరు బరువు మీద ఎప్పుడైనా పగలవచ్చు. చక్రాలు విప్పినప్పుడే బేరింగులు కడిగి, కొత్త గ్రీజు నింపి, సీళ్లు మార్చాను. హబ్‌ను (చక్రం బిగించే మధ్యభాగాన్ని) తిప్పుతూ నట్టు బిగించి, కాస్త వదులు చేసి, వేళ్లతో పట్టినంత బిగువులో, నట్టు తిరగకుండా ఆపే కాటర్ పిన్ను వేయాలి. అతిగా బిగిస్తే బేరింగులు వేడెక్కి మాడిపోతాయి.

తర్వాతే సౌకర్యాలు. లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగం మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. అందుకని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టి, దానికి సరిపడే ఛార్జరు తీసుకున్నాను. గడ్డకట్టే చలిలో దాన్ని ఛార్జి చేయకూడదన్న మాట గుర్తుంచుకోవాలి. కొత్త బ్యాటరీ పాతదానిలో సగం బరువు కూడా లేదు, దాంతో కారు కొక్కెం మీద పడే భారం తగ్గింది. ఆ భారం క్యాంపర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, తగ్గితే వేగంలో బండి పక్కలకు ఊగుతుంది. చెక్కదిమ్మ పెట్టి తూకం యంత్రం మీద చూసి, పనిముట్ల పెట్టెను ముందుకు జరిపాను.

పైకప్పు మీద ఏసీ పెడదామన్న మాటకు మాత్రం నేను ఒప్పుకోలేదు. అంత బరువును ఎత్తడానికి మా బండి కప్పీలు, తాళ్లు చేసినవి కావు. కిటికీలకు కొత్త దోమతెర కుట్టించి, 12 వోల్టుల ఫ్యాన్లు బిగించాం. గాలి బాగానే ఆడుతోంది.