వెనుక పాదం
నిన్న కళాశాలల మధ్య జరిగిన కబడ్డీ పోటీలో తొలిసారి అంపైరుగా నిలబడ్డాను. రెండేళ్ల బి.పి.ఎడ్. (వ్యాయామ విద్య డిగ్రీ) కోర్సులో నిబంధనలన్నీ కంఠస్థం చేశాను కాబట్టి ఇబ్బంది ఉండదనుకున్నాను. మొదటి పది నిమిషాల్లోనే ఆ ధీమా సడలిపోయింది.

ఎదుటి జట్టులో ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉన్నప్పుడు, కూతకు వచ్చిన ఆటగాడికి బోనస్ (అదనపు) పాయింటు రావాలంటే అతని ఒక పాదం వారి వైపున్న బోనస్ గీత దాటాలి, ఆ క్షణంలో వెనుక పాదం గాలిలో ఉండాలి. చూసేవాళ్లందరి కళ్లూ ముందు పాదం మీదే ఉంటాయి. నేను మాత్రం పక్క గీత దగ్గర వంగి, వెనుక కాలి బొటనవేలు మట్టిని వదిలిందో లేదో చూడాలి. ఒకసారి దుమ్ము లేచి సందేహం కలిగింది, పాయింటు ఇవ్వలేదు. ఆ నిర్ణయం సరైనదేనా అని రాత్రంతా ఆలోచించాను.

అలసిన శరీరంతో చూపు నిలపడం, నాడి వేగం పెరిగినా తొందరపడకపోవడం వంటివి వ్యాయామ శరీరధర్మశాస్త్రం, క్రీడా మనస్తత్వశాస్త్రం తరగతుల్లో విన్నవే. అప్పుడు అవి ఆటగాళ్ల కోసమే అనుకున్నాను. ఫుట్‌బాల్‌లో 75 మీటర్ల పరుగు, 25 మీటర్ల నడక పదేపదే చేయించి రెఫరీల దమ్మును పరీక్షించే పద్ధతి ఉంది. మన డిగ్రీల్లోనూ రెఫరీ శిక్షణకు రాతపరీక్షకన్నా మైదానంలో గడిపిన గంటలకే ఎక్కువ మార్కులు ఉండాలని గట్టిగా నమ్ముతున్నాను.

రేపు మహిళల పోటీలు. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు కోర్టుకు తెల్లవారుజామునే సున్నపు గీతలు వేయాలి.