ఎన్‌ఐఎస్‌ఎమ్ కరెన్సీ డెరివేటివ్స్: లాట్ల లెక్కలో నేను బోల్తా పడ్డ చోటు

ఫ్రెండ్స్, ఎన్‌ఐఎస్‌ఎమ్ (సెబీ పెట్టిన మార్కెట్ చదువుల సంస్థ) వాళ్ల సిరీస్-1 పరీక్ష, అంటే కరెన్సీ రేట్ల మీద నడిచే ఒప్పందాలది, మొత్తానికి రెండోసారికి గట్టెక్కింది, 73.5 వచ్చాయి. మొదటిసారి 57.5, పాస్ మార్కులేమో 60. అప్పుడు వందకి వంద ప్రశ్నలూ పెట్టేశా, 66 రైటు 34 తప్పు, తప్పుకి పావు మార్కు చొప్పున 8.5 పోయాయి. ఆ తప్పుల్లో ఓ పది వదిలేసున్నా సరిగ్గా 60 వచ్చేవి, ఆ లెక్క వేస్కున్న రాత్రి నిద్ర పట్టలేదు.

సిలబస్ ఏం కొండ కాదు, నన్ను ముంచింది లెవరేజ్ లెక్కలే, అంటే కొంచెం డబ్బు పెట్టి పెద్ద మొత్తానికి ట్రేడ్ చేసేవి. డాలర్-రూపీ ఫ్యూచర్స్‌లో (రాబోయే తేదీకి ఇప్పుడే రేటు ఖాయం చేస్కునే ఒప్పందాలు) లాట్, అంటే ఒక్కో ఒప్పందం సైజు, 1000 డాలర్లు, టిక్, అంటే రేటు కదిలే కనీస మెట్టు, 0.0025 అంటే లాట్‌కి రెండున్నర రూపాయలు, ఇదంతా బట్టీ పట్టేశా. మా రూమ్మేట్ ఒకరోజు టీ తాగుతూ "డాలర్ 84, మార్జిన్, అదే ముందు కట్టే డిపాజిట్, 2 శాతం అనుకో, నీ దగ్గర 50 వేలున్నాయి, ఎన్ని లాట్లు కొంటావ్ రా" అన్నాడు. లాట్ 84 వేలు, మార్జిన్ 1,680, కాబట్టి 29 అని టక్కున చెప్పేశా. "సరే, 25 పైసలు రివర్స్ పోయింది, ఇప్పుడు చెప్పు" అన్నాడు. లాట్‌కి 250 చొప్పున 7,250 హుష్‌కాకి, పావలా కదిలినందుకు! వాడు వేసే లెక్క తలకిందులు, ముందు ఎంత పోయినా పర్లేదో అనుకుంటాడు, 50 వేలలో 1 శాతం అంటే 500, స్టాప్‌లాస్ (ఇంత ఎదురు కదిలితే బయటికొచ్చేయాలి అని పెట్టుకునే హద్దు) 25 పైసలైతే 500ని 250తో భాగిస్తే రెండే లాట్లు. మార్జిన్ ఎన్ని లాట్లు కొనగలవో చెప్తుంది అంతే, ఎన్ని కొనాలో చెప్పదు, నేను ఆ రెండూ ఒకటే అనుకుని ఇన్నాళ్లూ చదివా.

జపాన్ యెన్ ఫ్యూచర్స్ దగ్గర జాగ్రత్త. రేటు 100 యెన్‌లకి, లాట్ ఏమో లక్ష యెన్‌లు, అంటే రేటుని 1000తోనే గుణించాలి. నేను మాక్ టెస్ట్‌లో 56ని లక్షతో గుణించి 56 లక్షలు పెట్టొచ్చా, ఆన్సరు 56 వేలు.

ఇంకోటి, ఇది చదివిన ఊపులో 500 రెట్లు లెవరేజ్ ఇస్తాం అనే ఫారెక్స్ యాప్‌ల జోలికి పోకండి, అక్కడ 0.2 శాతం, అంటే డాలర్ 84 దగ్గర 17 పైసలు కూడా కాదు, అంత కదిలితే మార్జిన్ మొత్తం సున్నా. పైగా అలాంటి పర్మిషన్ లేని వాటి పేర్లతో ఆర్‌బీఐ అలర్ట్ లిస్టే పెట్టింది. ఎక్స్ఛేంజ్‌లో కూడా 2024 మే నుంచి మనకి నిజంగా డాలర్ రిస్క్ ఉంటేనే, అంటే రేటు మారితే మనకి నష్టమొచ్చే అసలు లావాదేవీ ఏదైనా ఉంటేనే పొజిషన్ తీస్కోవాలి, అందుకే మా రూమ్మేట్‌వి ఇప్పుడన్నీ కాగితం మీది ఉత్తుత్తి ట్రేడ్‌లే.

రెండోసారి పరీక్షలో తెలీని తొమ్మిది ప్రశ్నలు ముట్టుకోలేదు.