రిజిస్టర్‌లో అన్నీ ‘ఓకే’

ఇవాళ సైట్‌లో క్రేన్ ఆపించాను. పని తొందరలో ఉన్నవాళ్లకి కోపం వచ్చింది, నాకు తెలుసు.

బరువులు తగిలించే హుక్ నోరు కాస్త తెరుచుకున్నట్టు అనిపించింది. కొత్తలో ఉన్న అసలు కొలత కంటే 5 శాతం పెరిగితే ఆ హుక్ పక్కన పెట్టేయాల్సిందే. టేపు పెట్టి కొలిచాను. మరి అసలు కొలత ఎంత? తనిఖీ రిజిస్టర్ తిరగేస్తే 11 వారాలుగా ఒకే మాట: ఓకే, ఓకే, ఓకే. ఒక్క అంకె లేదు. రేపటి తేదీకి కూడా సంతకం పెట్టేసి ఉంది! అది చూసి గుండె జారిపోయింది. ఆ బరువుల కింద రోజూ తిరిగేది మన మనుషులే కదా.

ఆపరేటర్ మంచి పనివాడు, అతన్ని ఏమీ అనలేదు. మేమిచ్చిన ఫారంలో గడి ‘ఓకే’ అన్న మాట పట్టేంతే ఉంది మరి.

మాన్యువల్ వెతికి అసలు కొలత పట్టుకున్నాం. హద్దు దాటలేదు గానీ దగ్గరికొచ్చేసింది. కొత్త హుక్ వచ్చేదాకా క్రేన్ కదలదు.

సాయంత్రం కూర్చుని ఫారం మార్చాను. హుక్ కొలత, వైర్ రోప్ (బరువులెత్తే ఉక్కు తాడు) మందం, అందులో తెగిన తీగలెన్ని, బండి ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటర్ రీడింగ్. ఈ చివరిది మట్టి తవ్వే ఎక్స్‌కవేటర్లకి మరీ ముఖ్యం. రెండు షిఫ్టులు నడిచే బండికి సర్వీసు గడువు క్యాలెండర్ చూసి చెప్పలేం.

రేపు పొద్దున్నే మొదటి అంకెలు ఆపరేటర్ పక్కన నిలబడి నేనే రాస్తాను.