రిప్లై 1988 అయిపోయాక ఏం చూడాలి: నా వెతుకులాట

రిప్లై 1988 అనే కొరియన్ డ్రామా చూసినవాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు, ఆఖరి ఎపిసోడ్ అయ్యాక ఇంకో సిరీస్ ఏది పెట్టినా పది నిమిషాలకే కట్టేయాలనిపిస్తుంది. సియోల్‌లో సాంగ్‌మున్-దాంగ్ అనే పేట, ఒక సందు, ఐదు కుటుంబాలు, 20 ఎపిసోడ్లు, అదీ ఒక్కోటి సినిమా అంత పొడుగు. అన్నాళ్లు ఆ సందులో తిరిగి ఒక్కసారిగా బయటకి వచ్చేసరికి అచ్చం అలాంటిదే ఇంకోటి కావాలనిపించింది. "అలాంటిది" అంటే ఎలాంటిది అనేదే అసలు సమస్య.

యాప్‌లో కింద "ఇలాంటివి మరిన్ని" అని ఒక వరస వస్తుంది కదా, అందులో నాకు వచ్చినవన్నీ స్కూల్ లవ్ స్టోరీలు. దాని తప్పు కూడా కాదులెండి, రిప్లై 1988లో హీరోయిన్ డోక్-సన్ చివరికి ఎవర్ని పెళ్లి చేసుకుంటుంది అన్న సస్పెన్స్ ఉంది, పిల్లలు హైస్కూల్లో ఉన్నారు, కామెడీ ఉంది, సో రొమాన్స్, యూత్, కామెడీ అని ట్యాగులు పడతాయి. ఆ ట్యాగులు పట్టుకుని వెళ్తే యూనిఫామ్ వేసుకున్న పిల్లలు దొరుకుతారు గానీ ఆ సందు దొరకదు.

తర్వాత అందరూ చేసేదే, నటుల వెంట పడ్డా. ఆ సందు కుర్రాళ్లలో ఒకడైన టేక్‌గా చేసిన పార్క్ బో-గమ్ వెంటనే 2016లో లవ్ ఇన్ ద మూన్‌లైట్ చేశాడు, అందులో యువరాజు, అంతఃపురం, మగవేషం వేసుకున్న అమ్మాయి, చూడ్డానికి బానే ఉంది, కానీ నా ఆకలి వేరే. మనిషి అదే, ప్రపంచం వేరు. నటుల రూట్ వాళ్ల ఫ్యాన్స్‌కి పనికొస్తుంది, ఒక కథ మూడ్ మళ్లీ కావాలనుకునేవాళ్లకి పెద్దగా పనికిరాదు, ఇది నా అభిప్రాయం.

అప్పుడు నేను ఒక పని చేశా, 1988లో మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి ఏ సీన్లు చూస్తున్నానో గమనించా. ఒక్కటి కూడా లవ్ సీన్ కాదు! మొదటి ఎపిసోడ్‌లో అన్నం టైమ్‌కి పిల్లలు గిన్నెలు పట్టుకుని ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి పరిగెడుతూ కూరలు మార్చుకునే సీన్ ఒకటి, అక్క పుట్టినరోజు కేక్‌తోనే తన పుట్టినరోజూ కానిచ్చేస్తున్నారని డోక్-సన్ ఏడిస్తే నాన్న వచ్చి నేనూ నాన్న అవ్వడం ఇదే మొదటిసారి కదా అన్నట్టు మాట్లాడే సీన్ ఒకటి. అంటే నాకు కావాల్సింది ప్రేమ కథ కాదు, స్కూలు కాదు, ఒకచోట ఇరుక్కుని బతికే మనుషులు ఒకర్నొకరు చూసుకోవడం. ఇది తేలాక వెతకడం చాలా ఈజీ అయిపోయింది.

ఆ తర్వాత రైటర్, డైరెక్టర్ పేర్లు చూశా. కొరియాలో రైటర్‌కి చాలా పేరు ఉంటుంది, ఎక్కువ డ్రామాలు మొదటి ఎపిసోడ్ నుంచి చివరిదాకా ఒక్కరే రాస్తారు, అందుకే రైటర్ మారితే గొంతు మారిపోతుంది. 1988కి రైటర్ లీ ఊ-జంగ్, డైరెక్టర్ షిన్ వోన్-హో. ఇద్దరూ డ్రామాల్లోకి రాకముందు టీవీ వెరైటీ షోలు చేసినవాళ్లు, సిల్లీ సీన్ రాగానే మేక అరుపు వేస్తారు చూడండి, ఆ అలవాటు అక్కడినుంచే వచ్చిందని నా అనుమానం. ఈ ఇద్దరివే రిప్లై 1997 (2012లో వచ్చింది), రిప్లై 1994 (2013), రెండింట్లోనూ అమ్మానాన్నలుగా అదే సుంగ్ డాంగ్-ఇల్, లీ ఇల్-హ్వా, అది చూడగానే చుట్టాలింటికి వెళ్లినట్టు అనిపించింది. కానీ వాటిల్లో భర్త ఎవరు అనే ఆట పాలు ఎక్కువ, పక్కింటివాళ్ల పాలు తక్కువ.

1988కి నిజంగా దగ్గరగా ఉన్నది ఏదో చెప్తే నవ్వుతారు, జైలు కథ. ప్రిజన్ ప్లేబుక్ అని 2017లో వచ్చింది, షిన్ వోన్-హో డైరెక్షనే. చెల్లెలి మీద దాడి చేసినవాణ్ణి కొట్టినందుకు ఒక స్టార్ బేస్‌బాల్ పిచర్ జైలుకెళ్తాడు, అంతే కథ. పోస్టర్ చూసి ఏ యాప్ కూడా దీన్ని 1988 పక్కన పెట్టదు, కానీ ఒక సెల్‌లో ఉన్న మనుషులు, ఎవరి గోల వాళ్లది, రాత్రి దొంగచాటుగా వండుకునే తిండి, ముందు విలన్ అనుకున్నవాడి మీద రెండు ఎపిసోడ్ల తర్వాత జాలేయడం, అచ్చం ఆ సందే, గోడలు పెరిగాయి అంతే. హాస్పిటల్ ప్లేలిస్ట్ (2020, 2021) కూడా షిన్ వోన్-హో, లీ ఊ-జంగ్ జంటదే, ఐదుగురు డాక్టర్ ఫ్రెండ్స్ బ్యాండ్ వాయించుకుంటూ, అది అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నా.

డైరెక్టర్ పేరొక్కటే పట్టుకుంటే మాత్రం కుదరదు. కిమ్ వోన్-సోక్‌నే తీసుకోండి, 2014లో మిసెంగ్ ఆఫీసు కథ, 2016లో సిగ్నల్ క్రైమ్, 2018లో మై మిస్టర్, 2025లో వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరిన్స్. నాలుగూ నాలుగు రకాలు, ఎందుకంటే రైటర్లు నలుగురూ వేరు. మై మిస్టర్ మొదటి ఎపిసోడ్లు బాగా బరువు, అప్పులవాడు అమ్మాయిని కొట్టడాలు అవీ ఉంటాయి, కానీ ఆ ముగ్గురు అన్నదమ్ములు, సాయంత్రం అందరూ చేరే ఆ బార్ దగ్గరికి వచ్చేసరికి నాకు మళ్లీ అదే పేట కనిపించింది. టాంజరిన్స్ అయితే జేజు దీవిలో ఒక జంట చిన్నప్పటి నుంచి ముసలితనం దాకా సాగే కథ. తమాషా ఏంటంటే అందులో కుర్ర హీరో పార్క్ బో-గమే, కానీ నేను ఆయన కోసం వెళ్లలేదు, ఈ పేర్ల దారిలో వెళ్తుంటే ఎదురొచ్చాడు.

కొరియా దాటి చూస్తే చైనాది గో అహెడ్ (2020) దొరికింది. నూడుల్స్ కొట్టు నడిపే నాన్న, పోలీసు నాన్న, రక్తసంబంధం లేకుండా కలిసి పెరిగే ముగ్గురు పిల్లలు. మొదటి సగం బంగారం, తర్వాత వదిలేసి వెళ్లిన అమ్మలు తిరిగొచ్చి ఏడుపులు ఎక్కువవుతాయి, అక్కడ స్పీడ్ పెంచుకున్నా సిగ్గుపడక్కర్లేదు. దీన్నే కొరియా వాళ్లు 2024లో ఫ్యామిలీ బై ఛాయిస్ అని 16 ఎపిసోడ్లలో మళ్లీ తీశారు. టైమ్ లేనివాళ్లకి అది, ఓపిక ఉంటే చైనాదే చూడండి, చిన్నపిల్లల భాగం అందులో తీరిగ్గా ఉంటుంది. రీమేకులు వెతకడం కూడా మంచి దారే, నచ్చిన కథ ఇంకో దేశంలో ఇంకో టేస్ట్‌తో దొరుకుతుంది, కొరియా సిగ్నల్‌ని జపాన్ 2018లో తీసింది, తైవాన్ వాళ్ల సమ్‌డే ఆర్ వన్ డేని కొరియా ఎ టైమ్ కాల్డ్ యూ పేరుతో 2023లో తీసింది.

జపాన్‌ది మిడ్‌నైట్ డైనర్ చూశా, అర్ధరాత్రి తెరిచే చిన్న హోటల్, ఎపిసోడ్ అరగంట కూడా ఉండదు, ఒక వంటకం ఒక మనిషి కథ. కథ ముందుకి సాగుతూ ఉండాలి అనేవాళ్లకి పడకపోవచ్చు, నాకు మాత్రం పెద్ద సిరీస్‌కి పెద్ద సిరీస్‌కి మధ్య రోజుకొకటి చొప్పున సరిగ్గా సరిపోయింది.

ఇదే పద్ధతి మా చెల్లి మీద కూడా వాడా, దానికి క్రాష్ లాండింగ్ ఆన్ యూ అనే కొరియన్ లవ్ స్టోరీ లాంటిది కావాలంట. రైటర్ పార్క్ జి-యున్ కాబట్టి మై లవ్ ఫ్రమ్ ద స్టార్, క్వీన్ ఆఫ్ టియర్స్ చెప్పా, రెండూ సగంలో ఆపేసింది. నీకు ఏ సీన్లు ఇష్టమే అనడిగితే హీరో హీరోయిన్ ఊసే లేదు, అందులో హీరో ఉండే ఊళ్లో ఆడవాళ్ల ముచ్చట్లు, అతని కింద పనిచేసే నలుగురు సైనికుల అల్లరి అంది. అయితే నీకు కావాల్సింది ఊరు అని హోమ్‌టౌన్ చా-చా-చా (2021) పెట్టించా, సముద్రం ఒడ్డున గోంగ్‌జిన్ అనే పల్లె, అందరి విషయాలూ అందరికీ తెలుసు. రాత్రి రెండింటికి ఫోన్ చేసి అందులో ఒక ముసలావిడ ఎపిసోడ్ గురించి ఏడ్చింది, కాబట్టి పట్టేసినట్టే.

ఇప్పుడు నా లిస్టులో రెసిడెంట్ ప్లేబుక్ (2025) ఉంది, హాస్పిటల్ ప్లేలిస్ట్ లోకంలోదే, గైనకాలజీ ట్రైనీ డాక్టర్ల కథ. షిన్ వోన్-హో, లీ ఊ-జంగ్ పేర్లు క్రియేటర్లుగా ఉన్నాయి గానీ రాసింది, తీసింది వేరేవాళ్లు, అందుకని ఆశ కొంచెం తగ్గించుకునే మొదలుపెడుతున్నా. అది పడకపోతే నో హీ-క్యుంగ్ రాసిన డియర్ మై ఫ్రెండ్స్ (2016) రెడీగా ఉంది, అందరూ ముసలి ఫ్రెండ్సే, ట్రైలర్‌లోనే నలుగురూ పోట్లాడుకుంటున్నారు.