చేర్యాల పటంలో ఎండ్‌గేమ్: ఆరో వారం

ఈ ఆదివారానికి నేను గీస్తున్న పటం ఐదడుగులు పూర్తయింది. మిగిలింది నాలుగడుగులు. చివరి యుద్ధం అందులోనే ఉంది కాబట్టి సగం పని అయినట్టు కూడా కాదు.

2019లో వచ్చిన 'అవెంజర్స్: ఎండ్‌గేమ్' సినిమా కథను చేర్యాల నకాశీ పద్ధతిలో, అంటే పొడవాటి బట్ట మీద వరుస బొమ్మలుగా కథ చెప్పే పద్ధతిలో, గీస్తున్నాను. థానోస్ ఆరు మణులతో చిటికె వేసి సగం ప్రాణులను మాయం చేశాక, వాళ్లను తిరిగి తేవడానికి 2023లోని వీరులు ఆ మణుల కోసం గతంలోకి వెళ్లే కథ అది. మాది హనుమకొండ. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడి సిద్దిపేటలో కలిసేదాకా చేర్యాల మా వరంగల్ జిల్లాలోనిదే. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేటప్పుడు పొడవాటి పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ పోతారు. ఒకే మనిషి ఒకే పటంలో పదిచోట్ల కనిపిస్తాడు, అయినా చూసేవాళ్లు తికమకపడరు. కాలంలో వెనక్కి వెళ్లే కథను బొమ్మల్లో చెప్పడానికి ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

అన్నిటికంటే ఎక్కువ ఓపిక బట్టకు కావాలి. తొమ్మిదడుగుల ఖాదీని ఉడకబెట్టి, ఉతికి ఆరేశాను. చింతగింజలు వేయించి పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి చిక్కబడేదాకా కాచాలి. అందులో బియ్యం గంజి, సుద్దమట్టి, జిగురు కలిపి మూడు పూతలు పూయాలి. మొదట రెండడుగుల ముక్క మీద చేసి చూశాను. ఆరాక చుడితే పటపటా పగిలింది. సుద్ద ఎక్కువై, పూత మందమైంది. రెండోసారి గిన్నెడు సుద్దకు గిన్నెన్నర చింతగింజల గుజ్జు పోసి, మజ్జిగంత పలచగా చేశాను. ఒక్కో పూతకు ఒకరోజు నీడలో ఆరనిచ్చి, నున్నటి గులకరాయితో రుద్దాను. ఇప్పుడు ఎన్నిసార్లు చుట్టినా పగుళ్లు లేవు.

పాతకాలపు రంగుల్లో ఎరుపుకు వాడే ఇంగిలీకంలో పాదరసం, పసుపుకు వాడే అర్దళంలో ఆర్సెనిక్ ఉంటాయి. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, వాటి జోలికి పోలేదు. పోస్టర్ కలర్లకే కాస్త తుమ్మజిగురు కలిపాను. నలుపు మాత్రం దీపపు మసితో నేనే చేసుకున్నాను, గీత చాలా నిండుగా వస్తోంది. ఖాదీ, రంగులు, బ్రష్‌లు కలిపి ఇప్పటికి 1,150 రూపాయలైంది.

వెనక నేలంతా చేర్యాల ఎరుపే. పచ్చటి హల్క్, నీలి నెబ్యులా, ఊదా థానోస్ దాని మీద ఎంత బాగా నిలబడ్డారో! కాలాన్ని అంచుల్లో చూపిస్తున్నాను. బొమ్మల గదుల మధ్య పూల అంచు ఎలాగూ ఉంటుంది కదా. 2012 న్యూయార్క్‌కు బంతి, 2013 ఆస్గార్డ్‌కు గునుగు, 2014కు తంగేడు, స్టీవ్ (కెప్టెన్ అమెరికా), టోనీ (ఐరన్ మ్యాన్) వెళ్లిన 1970కి తామర. 2023కి ఆకులు తప్ప పూలు లేవు. సగం ప్రాణులు లేని లోకానికి పూలు గీయడానికి నాకు చెయ్యి రాలేదు. హల్క్ చిటికె వేసి వాళ్లను తిరిగి తెచ్చాకే మొగ్గలు మొదలవుతాయి.

మనుషుల దగ్గర చిక్కొచ్చింది. 2012 గదిలో ఇద్దరు స్టీవ్‌లు కొట్టుకుంటారు, ఇద్దరివీ అవే బట్టలు. అందుకని 2023 నుంచి వచ్చిన ప్రతి ఒక్కరి మణికట్టుకూ తెల్ల పట్టీ గీశాను. సినిమాలోనూ కాలప్రయాణపు పరికరం అక్కడే ఉంటుంది. కానీ అప్పటికింకా థానోస్ పక్షానే ఉన్న 2014 నెబ్యులా ఆ పరికరం పెట్టుకునే, అసలు నెబ్యులాలా 2023కి వచ్చేస్తుంది. పట్టీ గీస్తే మనవాళ్ల మనిషి అనుకుంటారు, గీయకపోతే కథ తప్పుతుంది. మూడు రోజులు ఇక్కడే ఆగిపోయాను. నకాశీ ముఖాలు ఎక్కువగా పక్కకు తిరిగి ఉంటాయని గుర్తొచ్చింది. హల్క్ చిటికె వేసే గదిలో అందరూ కుడివైపు, కథ సాగే వైపు, చూస్తున్నారు. పట్టీ ఉన్నా ఆమె ఒక్కతే ఎడమకు, తాను వచ్చిన 2014 వైపు, చూస్తోంది.

సినిమా చూడని మా అవ్వకు మంచం మీద పటం విప్పి చూపించాను. కథేమీ చెప్పలేదు. "చేతికి పట్టీలున్నోళ్లందరు ఒక్క ఊరోళ్లా బిడ్డా?" అంది. కాసేపు కళ్లజోడు సర్దుకుని చూసి, "గీ నీలిపిల్ల ఒక్కతే అటు మొఖం పెట్టిందేంది? దీని మీద నాకు నమ్మకం లేదు" అంది. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

యుద్ధం గదికి రెండడుగులు కేటాయించాను. స్టీలు గ్లాసు మూతి పెట్టి, వీరులు తిరిగొచ్చే బంగారు ద్వారాలు పన్నెండు పెన్సిల్‌తో గీసుకున్నాను. ముందు వరుసలో నిండు మనుషులు, వెనక వరుసల్లో తలలే. ముప్పై నాలుగు ముఖాలు లెక్క తేలాయి. ఈ గది అంచులో బంతి, గునుగు, తంగేడు, తామర అన్నీ కలిసి వస్తాయి. టోనీ చేతి మీది ఆరు మణులకు మూడు సున్నాల సన్నటి బ్రష్ కూడా లావే అయింది, అగ్గిపుల్ల చెక్కి చూడాలి.

ఆఖరి గదిలో, గతంలోనే ఉండిపోయి ముసలివాడై బెంచీ మీద కూర్చున్న స్టీవ్‌ను నిన్ననే పెన్సిల్‌తో గీశాను. అతని మణికట్టుకు తెల్ల పట్టీ ఉండదు. వేలికి ఉంగరం ఒక్కటే.