వంతు నీళ్లు

మన పదో తరగతి వాళ్ల జ్ఞాపకాల సంచిక బాధ్యత తీసుకున్న మిత్రుడు "బడిలో నువ్వు బాగా ఆనందించిన రోజు గురించి రాయి" అన్నాడు. అలాంటివి రెండు మూడు లేకపోలేదు. కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది లెక్కల మాస్టారి కసురు.

1996 నవంబరు 6 తుపాను మనం పదో తరగతిలో ఉండగా వచ్చింది. కోనసీమలో ఆ రాత్రి ఎలా గడిచిందో మీకు నేను చెప్పాలా? మళ్లీ బడి తెరిచేసరికి మన గదికి పెంకులు సగం లేవు. ఇంటింటా కొబ్బరిచెట్లు కూలి ఉన్నాయి. పుస్తకం తెరవబుద్ధి కావడం లేదు. మాస్టారు మాత్రం సుద్దముక్క అందుకుని పైథాగరస్ సిద్ధాంతం మొదలుపెట్టారు.

"ఇవాళ మనసు బాగాలేదండీ" అన్నాను.

"దాళ్వాలో మీ నాన్న అర్ధరాత్రి లేచి వెళ్లేది మనసు బాగుండేనా?" అన్నారు.

నాన్న కాలువ లస్కరు, అంటే తూములు తెరిచి మూసే మనిషి. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర అంత జోరుగా బయల్దేరే నీళ్లు మా శివారు చేలకు వచ్చేసరికి నీరసించిపోయేవి. దాళ్వాలో, అంటే రెండో వరి పంటకు, నీళ్లకు వంతులు పెట్టిన రోజుల్లో పైనున్నవాళ్లు తూము తెరుచుకుంటే కిందివాళ్లకు బురదే మిగిలేది. ఒక రాత్రి నేనూ వెంట వెళ్లాను. చలి, దోమలు, చీకట్లోంచి ఎవరివో తిట్లు. నాన్న మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, తూము తలుపు దిగకుండా ఎవరో దూర్చిన కొబ్బరిమట్ట మొదలును గుంజి గట్టు మీద పడేశాడు. "ఈ పని నీకు ఇష్టమేనా నాన్నా?" అని అడిగాను. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, "తెల్లవారేసరికి కింది చేలు తడవాలి కదరా" అన్నాడు.

ఇప్పుడు నేను కాకినాడలో డయాలసిస్ టెక్నీషియన్ని. చాలామంది రోగులు వారానికి 3 సార్లు వస్తారు, వచ్చినప్పుడల్లా 4 గంటలు పడుకుంటారు. ఒక్కొక్కరికి ఒక విడతలో సుమారు 120 లీటర్ల శుద్ధిచేసిన నీళ్లు కావాలి. ఏళ్ల తరబడి అవే సూదులు, అవే గొట్టాలు. ఇందులో సరదా ఏముంటుంది? "నచ్చిన పనే చేయండి" అని ఊదరగొట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందరూ నచ్చిన పనే చేస్తే ఈ సూదులు ఎవరు గుచ్చుతారు? ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని విడమరిచి చెప్పారు. ఇష్టంతో చేసే పనికీ, భయంతో చేసే పనికీ నడుమ ఇంకొకటి ఉందట: సరదా లేకున్నా, దాని విలువ తెలిసి, నాది అనుకుని చేసేది. చదవగానే టార్చిలైటు పట్టుకున్న నాన్న కళ్ల ముందు నిలిచాడు.

మొన్న ఒక యంత్రం మొరాయించి షిఫ్టులన్నీ వెనక్కి జరిగాయి. ఆఖరి బస్సు దాటిపోయేలా ఉంది. చిట్టచివరి షిఫ్టు పెద్దాయన గుమ్మంలో నిలబడి "నా వంతు ఉందా బాబూ?" అని మెల్లగా అడిగారు.

"ఉందండీ, కూర్చోండి" అని కొత్త గొట్టాల కవరు చింపాను.