గొర్రెల షీటు: ఐదో వారం

నైజీరియా నైరుతి వైపు మాట్లాడే యోరుబాలో గొర్రెను ఏమంటారు, ఊరు మారితే, భాష మారితే ఆ మాట ఏమవుతుంది అని ఎక్సెల్ షీటు ఒకటి మొదలుపెట్టాను. రోజూ ఆఫీసుకు బయల్దేరే ముందు అరగంట. ఇప్పటికి 16 వరసలు.

మొదటి వారమంతా ఒక్క మాటకే పోయింది. లాటిన్ అక్షరాల్లో చూసి ‘అగుంతన్’ అని ఎక్కించేశాను. రికార్డింగు విన్నాక తెలిసింది, ఆ రెండు ‘న్’లూ హల్లులు కావు, ముందున్న అచ్చును ముక్కుతో పలకమని చెప్పే గుర్తులు. బళ్లో ఎందుకొచ్చిన సున్నరా అని విసుక్కున్న అరసున్న ఇన్నేళ్లకు అక్కరకొచ్చింది: అగుఁతఁ. మొదటి అరసున్న ఎగిరిపోయి అగుతఁ అనడమూ ఉంది. 1884లో పూర్తయిన యోరుబా బైబిల్లో ఈ రెండో రూపమే. అక్కడ కాపరి ‘ఒలుషొ-అగుతఁ’. మనం సంఘ కాపరి అన్నట్టే చర్చి పాస్టరునీ అలాగే అంటారు. చివరి అచ్చు కొందరి నోట ‘ఆఁ’లా, కొందరి నోట ‘ఒఁ’లా వినిపిస్తుంది, రాతలో తేడా ఉండదు. అందుకే స్పెల్లింగుకొక గడి, విన్నదానికొక గడి పెట్టాను. ఈ పని మొదటిరోజే చేసి ఉండాల్సింది.

రెండో వారం అసలు దెబ్బ. యోరుబాకు మూడు స్థాయిల స్వరం ఉంది. నేర్చుకునేవాళ్లకు డో, రె, మి అని చెబుతారు. నేను స, రి, గ అని రాసుకున్నాను. అగుఁతఁ మూడూ స. మనకు గొర్రె, పొట్టేలు వేరైనట్టే వాళ్లకూ పొట్టేలు వేరే మాట: అగ్బో, స-స. బక్రీదును వాళ్లు ఇలేయా అంటారు, అప్పుడు గిరాకీ అంతా దీనికే. అయితే అదే అగ్బోను స-రి అంటే మూలికల కషాయం. రి-రి అంటే మంద. ‘అగ్బో అగుఁతఁ’ గొర్రెల మంద. నేను స్వరాల గుర్తులు తీసేసి అక్షరక్రమంలో పెట్టేసరికి మూడూ ఒకే వరసలో కలిసిపోయాయి. పొట్టేలు పక్కన కషాయం అర్థం చూసి నవ్వొచ్చింది గానీ, విడదీసేసరికి రెండు పొద్దులు పోయాయి. ఇప్పుడు స్వరానికి ప్రత్యేకంగా ఒక కాలమ్, అందులో ఖాళీ గడి ఉంటే ఎర్ర రంగు.

మేక త్వరగానే తేలింది: ఎవురె, రి-గ-గ. మేకపోతు ఒబుకొ, స-గ-రి.

ఈ వారం ఇరుగుపొరుగు. ఇగ్బోలో అటురు, కొన్ని చోట్ల అటులు. రకారం లకారం అయిందంతే, మాట ఒకటే. హౌసాలో ఆడది తుంకియా, పొట్టేలు రాగో. ఆ భాష అరబిక్ ఉన్న పెద్ద కుటుంబానిది కాబట్టి పోలిక లేకపోవడంలో వింత లేదు. ఘానా, టోగోల్లోని ఎవేలో గొర్రె అలేఁ, పొట్టేలు మాత్రం అగ్బో! మందతో పాటు మాట కూడా చేతులు మారిందేమో అనిపించింది. ఒక్క మాటతో చుట్టరికం కలపకూడదు గనక ‘అరువు?’ అని రాసి వదిలేశాను.

నిద్ర పట్టనివ్వని జంట ఇంకొకటి. నైజీరియాలోనే బెనిన్ సిటీ వైపు ఎడో భాషలో గొర్రె ‘ఒహుఆఁ’. ఎంతో దూరాన ఘానాలో ట్వి వాళ్ల మాట ‘ఒగువాన్’. హకారం బదులు గకారం, మిగతాదంతా దాదాపు అదే. ఇది నిజమైన పోలికేనని తేలాలంటే ఎడో హకారం, ట్వి గకారం ఎదురెదురుగా నిలిచే మాటలు ఇంకో పది కావాలి. శరీర భాగాలు, అంకెలతో వేరే ట్యాబు తెరిచాను, అందులో ఇంకా నాలుగే వరసలు.

‘గ్బ’ ఇప్పటికీ నోరు తిరగట్లేదు. పెదాలు మూసి, నాలుక వెనక భాగం పైకి ఆనించి, రెండూ ఒక్కసారే వదలాలి. నాకు ‘గ’ ముందొచ్చేసి ‘గుబ’ అవుతోంది. అద్దం ముందు రోజుకు ఇరవైసార్లు. పక్క గదిలోంచి మా ఆవిడ, గొంతు బాగాలేదా, మిరియాల పాలు పెట్టనా అంది.